జాడీ మాది, తాళం వాళ్ళదా?

మా అత్తగారు టీవీలో పదకొండు సెకన్లు కనిపించారు. నవ్వకండి. లెక్కపెట్టింది మా అబ్బాయి, నేను కాదు.

మేముండేది సారపాక. గోదావరికి ఇవతలి ఒడ్డున మేము, అవతలి ఒడ్డున భద్రాద్రి రాముడు. 1965లో వంతెన కట్టారు కాబట్టి మాకూ ఆయనకీ మధ్య ఇప్పుడున్నదల్లా ఓ ఆటో ప్రయాణం. అయినా 2019 శ్రీరామనవమినాడు కల్యాణానికి వెళ్తానని మా అత్తగారు బయల్దేరితే, "ఎండ మండిపోతోంది అత్తయ్యా, టీవీలో చూడొచ్చు కదా!" అన్నాను. "టీవీలో చూసేదానికి ఏ బొంబాయిలోనో వుంటే సరిపోయేది. సారపాకలో వుండడం దేనికే?" అన్నారావిడ. ఇంకేం మాట్లాడతాం? మావారు తోడు వెళ్ళారు. నేను ఇంట్లో పానకం కలిపి, వడపప్పు నానబోసి, సెట్‌టాప్ బాక్సులో రికార్డింగు మీట నొక్కి కూచున్నాను.

సరిగ్గా తలంబ్రాల వేళ కెమెరా జనంలోకి తిరిగింది. అంత జనంలోనూ మా అత్తగారు! కొంగు నెత్తిన కప్పుకుని, రెండు చేతులూ జోడించి, పెదాలు కదుపుతూ. ఓసారి పక్కకి చూసి కళ్ళు తుడుచుకున్నారు. అంతే, కెమెరా మళ్ళీ మంత్రిగారి మీదికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆవిడొచ్చాక వేసి చూపించాను. ముందు నమ్మలేదు. తర్వాత, "నా కొంగు అలా వుందేమిటే, సర్దుకోమని చెప్పేవాళ్ళే లేరా?" అని మావారిమీద కేకలేశారు. ఆ తర్వాత మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కన్నా ముందు ఆ పదకొండు సెకన్లే. 2021లో ఆవిడ పోయారు. పోయాక మేమూ రోజూ కాకపోయినా పండక్కీ పబ్బానికీ వేసుకుని చూసుకునేవాళ్ళం. డల్లాస్‌లో వున్న మా అమ్మాయి, "అమ్మా, బామ్మ వున్న ఆ ముక్క నాకు పంపించవూ" అంది.

అక్కడ మొదలైంది అసలు కథ.

పంపడమంటే ఏముంది, బాక్సులో వున్నదాన్ని ఇంట్లో వున్న కంప్యూటర్లోకి తెచ్చుకుంటే సరి, అక్కణ్ణించి డల్లాసేమిటి, డమాస్కసుకైనా పంపొచ్చు అనుకున్నాను. బాక్సు టీవీ కింద వుంది. కంప్యూటరు బల్లమీద వుంది. రెంటికీ మధ్య నాలుగడుగులు. ఆ నాలుగడుగులు నా చేత ఎవరూ దాటించలేకపోయారండీ! మా అబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చి ఓ ఆదివారమంతా కుస్తీ పట్టాడు. బాక్సు వెనక ఏవో తీగలు పెట్టి చూశాడు. బొమ్మ రాలేదు. బాక్సుకి వైఫై వుందిగా అని దాంట్లోంచి ప్రయత్నించాడు. బాక్సు బయటి లోకాన్నుంచి తెచ్చుకోవడానికే గాని, లోపలున్నది పక్క గదికైనా ఇవ్వడానికి కాదట. చివరికి బాక్సు విప్పి, లోపలి డిస్కు తీసి, కంప్యూటరుకి తగిలిస్తే అది ఏమడిగిందో తెలుసా? "ఈ డిస్కును ఫార్మాట్ చేయమంటారా?" అని! అంటే తుడిచెయ్యనా అని. గుండె జారిపోయి, "తీసెయ్యరా నాయనా, మళ్ళీ దాని పొట్టలో దాన్ని పెట్టెయ్" అన్నాను.

కంపెనీకి ఫోన్ చేశాను. "మీరు రికార్డు చేసుకున్నది ఆ బాక్సులోనే, ఆ టీవీలోనే చూసుకోవాలి మేడమ్" అంది అవతలి అమ్మాయి. ఎందుకమ్మా అంటే, "సిస్టమ్ అంతే మేడమ్."

ఈ 'సిస్టమ్' ఏమిటో మా అబ్బాయి చెప్పగా నాకర్థమైనంతవరకూ మీకు చెప్తాను. ఆకాశంలోంచి వచ్చే బొమ్మ గజిబిజి చేసి పంపుతారు. డబ్బు కట్టిన ఇంట్లో కార్డు వున్న బాక్సు దాన్ని సరిచేసి చూపిస్తుంది. ఇంతవరకూ న్యాయమే, డబ్బు కట్టనివాడు చూడకూడదు కదా. కాని మనం రికార్డు నొక్కినప్పుడు బాక్సు ఆ బొమ్మని మళ్ళీ గజిబిజి చేసి దాచుకుంటుంది. దాన్ని విప్పే తాళంచెవి ఒక్క ఆ బాక్సు దగ్గరే వుంటుంది. అదే కంపెనీవాడి ఇంకో బాక్సుకి తగిలించినా తెరుచుకోదు. మాకైతే ఓ నెల రీఛార్జి రెండ్రోజులు ఆలస్యమైతే, ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకున్న అత్తగారు కూడా తెరుచుకోలేదు. నెల డబ్బులు కట్టాకే ఆవిడ దర్శనమిచ్చారు.

ఎండాకాలం ఆవకాయ పెట్టాను. మామిడికాయలకి డబ్బిచ్చాను. జాడీ నాది, చెయ్యి నాది, మండిన కళ్ళు నావి. కాని జాడీ మీద తాళం మాత్రం తోటవాడు వేసుకుపోయాడు. నెలనెలా వాడికి కప్పం కడితే తెరిచి ఓ ముక్క వేస్తాడు. ఆ జాడీలోంచి చిన్న సీసాలోకి తీసి కూతురికి పంపుతానంటే దొంగతనమంటాడు. మీ ఇంట్లో ఇలాంటి జాడీ పెట్టనిస్తారా? మరి టీవీ కింద ఎందుకు పెట్టుకున్నాం?

పెట్టుకోక చస్తామా! కేబుల్‌వాళ్ళంతా డిజిటల్లోకి మారాలని 2011లో చట్టం సవరించారు. మహానగరాలతో మొదలెట్టి, మావంటి ఊళ్ళకి 2017 మార్చి 31 గడువు పెట్టారు. బాక్సు లేని ఇంట్లో బొమ్మ లేకుండా పోయింది. సరే, బొమ్మ బాగా వస్తోంది, ఒప్పుకుంటాను. వానాకాలంలో తెరమీద చీమలు పాకడం తప్పింది. ఛానళ్ళు పెరిగాయి. కాని పాతకాలంలో మనకున్న ఓ చిన్న సౌకర్యాన్ని చప్పుడు చెయ్యకుండా పట్టుకుపోయారు. అది పోయిందని మనలో చాలామందికి తెలియనే తెలియదు.

మా మామగారు, నేను కాపురానికి రాకముందు, రేడియోలో ఉషశ్రీగారు చెప్పే భద్రాచలం కల్యాణ వ్యాఖ్యానాన్ని క్యాసెట్టుకి పట్టారు. రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి, ఇంటిల్లిపాదినీ దగ్గొద్దని, తుమ్మొద్దని శాసించారట. అయినా ఆ క్యాసెట్టులో ఓ చోట గిన్నె పడిన చప్పుడు, వెంటనే మా అత్తగారి గొంతు: "ఒరే, ఆ తలుపు వెయ్యండ్రా!" ఆ క్యాసెట్టుని మా అబ్బాయి ఓ తీగతో కంప్యూటర్లోకి ఎక్కించి చాలా ఏళ్ళైంది. డల్లాస్‌లో వుంది, హైదరాబాదులో వుంది, నా సెల్‌ఫోన్లోనూ వుంది. పిల్లలు ఉషశ్రీగారి కోసం కన్నా ఆ "తలుపు వెయ్యండ్రా" కోసం వింటారనుకోండి, అది వేరే సంగతి. అత్తగారి గొంతు మాకు దక్కింది. వేలు పోసి కొన్న బాక్సులో వున్న అత్తగారి మొహం మాత్రం దక్కలేదు.

దక్కలేదని ఎందుకంటున్నానంటే, 2022 జులైలో గోదావరి వచ్చింది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు, దాని మీద ఇంకా పద్దెనిమిది! మా వీధిలో నీళ్ళు మోకాలు దాటుతుంటే ఇల్లు వదిలి పాల్వంచలో చుట్టాలింటికి వెళ్ళాం. వెళ్ళేటప్పుడు ఎవరెవరు ఏమేం పట్టుకున్నారో చెప్పనా? మావారు బ్యాంకు కాగితాలు, ఇంటి దస్తావేజులు. పక్కింటి పిన్నిగారు మందుల డబ్బా, తులసికోటలో మొక్క. నేను సెట్‌టాప్ బాక్సు. రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కూచుంటే ఆటో అబ్బాయి, "అందులో బంగారమా అమ్మా?" అన్నాడు. "మా అత్తగారు" అన్నాను. పాపం, ఇంకోలా అర్థం చేసుకున్నట్టున్నాడు, దారంతా మాట్లాడలేదు.

తిరిగొచ్చి బురద కడిగి, బాక్సు తగిలిస్తే దీపం వెలగలేదు. రిపేరు అబ్బాయి మూత విప్పి, "లోపల చెమ్మ పట్టింది మేడమ్. బోర్డు పోయింది, కొత్త బాక్సు తీసుకోండి" అన్నాడు. "లోపలున్న రికార్డింగు?" "అది రాదు మేడమ్. తాళంచెవి ఆ బోర్డులోనే కదా వుండేది." డిస్కు బాగానే వుందిట. అత్తగారు లోపలే వున్నారు. తలుపు తీసేవాళ్ళు లేరు.

1986 ఆగస్టులో వచ్చిన వరద ఇంతకన్నా పెద్దది, 75.6 అడుగులు. అప్పటికి నేను కొత్త కోడల్ని. ఆ వరదలో మా అత్తమామల పెళ్ళి ఫోటో నాని ముద్దైపోయింది. అయితేనేం? ఆవిడ పుట్టింట్లో ఓ కాపీ వుంది. దాన్ని చూసి స్టూడియోవాడు మళ్ళీ తీసిచ్చాడు. ఐదుగురు పిల్లలకీ ఐదు కాపీలు. ఏ వస్తువైనా నాలుగిళ్ళలో వుంటే ఓ ఇల్లు మునిగినా బతుకుతుంది. ఒక్కచోటే వుండాలని శాసిస్తే ఆ ఒక్కచోటికీ ఏదో ఓ ఏడు గోదావరి వస్తుంది. నలభై ఏళ్ళనాటి కాగితం ముక్కకున్న ఈ సదుపాయం ఇప్పటి బాక్సుకి లేదంటే ఎవరిని అనాలి?

సెల్‌ఫోనుతో టీవీ తెరని తీసుకోవచ్చుగా అంటారు. తీశాం. అత్తగారి నుదుటిమీద ట్యూబులైటు, బుగ్గమీద తిరుగుతున్న ఫ్యాను, మధ్యలో "చట్నీకి కొబ్బరి వుందా?" అని మావారి గొంతు. ఇప్పుడు మాకు మిగిలింది అదే. చట్టాన్ని గౌరవించే ఇంటికి దక్కే కాపీ అది.

చట్టం అన్నాను కాబట్టి చెప్తాను. మా తోడికోడలి తమ్ముడు వకీలు. అతన్నడిగితే పుస్తకం తీసి చూపించాడు. 1957 కాపీరైటు చట్టం, 39వ సెక్షను. ప్రసారమైన కార్యక్రమాన్ని ఓ మనిషి తన సొంత వాడకం కోసం రికార్డు చేసుకుంటే ప్రసారం చేసినవారి హక్కుకి భంగం కాదని స్పష్టంగా వుంది. నేనెగిరి గంతేశాను. "ఆగక్కా" అని అతనింకో కాగితం తీశాడు. 2017లో టెలికాం నియంత్రణ సంస్థ తెచ్చిన నిబంధనల్లో, రికార్డు చేసే సౌకర్యం వున్న బాక్సుకి కాపీ కాకుండా అడ్డుకునే ఏర్పాటు వుండి తీరాలిట. అంటే ఓ చేత్తో "తీసుకోమ్మా, నీదే" అని, ఇంకో చేత్తో జాడీకి తాళం! పైగా 2012లో ఇంకోటి చేర్చారు. హక్కుని కాజేసే ఉద్దేశంతో ఆ తాళం పగలగొడితే రెండేళ్ళదాకా జైలు. "నా ఉద్దేశం మంచిదేగా" అన్నాను. "మంచిదే. కాని పగలగొట్టడం నీకు రాదుగా" అన్నాడు. రాదు. ఆ విద్య వచ్చినవాళ్ళు వేరే వున్నారు.

అదే నా వాదన కూడానూ. సినిమా విడుదలైన రోజే దొంగ కాపీ సెల్‌ఫోన్లలో తిరుగుతోంది. ఆ దొంగని ఈ తాళం ఆపిందా? పిల్లి కిటికీలోంచి వస్తుంటే వంటింటికి తాళం వేసి చెవి అత్తగారు మొల్లో దోపుకున్నట్టుంది. పాలు పోతూనే వుంటాయి, కాఫీ లేనిది కోడలికి. సీరియల్ తీసినవాళ్ళకీ రాసినవాళ్ళకీ డబ్బు రావాలని నేనూ అంటాను. వాళ్ళ పొట్ట కొట్టమని ఎవరూ అడగడం లేదు. నేనడిగేది నాలుగడుగులు. నా బాక్సునుంచి నా కంప్యూటరుకి, నా ఇంట్లో.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలో ఇదే గొడవ కోర్టుకెక్కింది. ఇంట్లో టీవీ కార్యక్రమాన్ని టేపు మీద పట్టే యంత్రం అమ్ముతున్నారని సోనీ మీద 1976లో సినిమా కంపెనీలు దావా వేశాయి. ఎనిమిదేళ్ళ తర్వాత, 1984 జనవరిలో, అయిదుగురు అవునని నలుగురు కాదని, ఒక్క ఓటు తేడాతో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇంట్లోవాళ్ళు తీరిక దొరికినప్పుడు చూసుకోడానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదని. చిన్నపిల్లల కార్యక్రమాలు చేసే ఫ్రెడ్ రోజర్స్ అనే ఆయన స్వయంగా సాక్ష్యం చెప్పి, తన కార్యక్రమాన్ని కుటుంబాలు రికార్డు చేసుకుంటే తనకేం అభ్యంతరం లేదన్నాడు. ఇంటి సంగతి తెలిసిన మనిషి! పిల్లవాడికి జ్వరమొస్తే, పాలు పొంగితే, గుమ్మంలోకి చుట్టం వస్తే టీవీ ముందు నుంచి లేచేదెవరు? ఆ లేచిన మనిషి కోసమే రికార్డింగు. పుట్టింది ఎవరి కోసమైనా, పనికొచ్చేది మనకే.

2005లో అక్కడే స్లింగ్‌బాక్స్ అనే పెట్టె వచ్చింది. ఇంట్లో టీవీలో వచ్చేదాన్నీ, రికార్డు చేసుకున్నదాన్నీ ఎక్కడున్న కంప్యూటరుకైనా పంపించేది. అబ్బ, ఇదే కదా నాక్కావలసింది అనుకున్నాను, దాని సంగతి మా అబ్బాయి చెప్తుంటే. కాని దాని కథ కూడా విచారమే. 2022 నవంబరు 9న కంపెనీవాళ్ళు తమ సర్వర్లు ఆపేశారు. డబ్బిచ్చి కొనుక్కున్న పెట్టెలన్నీ ఆ రోజుతో ఇటుకలయ్యాయి. మన ఇంట్లో యంత్రం పనిచెయ్యాలంటే ఎక్కడో వున్నవాడి దయ వుండాలన్నంతకాలం ఇంతే. నేనడిగే నాలుగడుగుల దారిలో అలాంటి టోల్‌గేటు కూడా వుండకూడదు.

ఇంకో చోద్యం వినండి. ఉచితంగా వచ్చే దూరదర్శన్ డిష్ పెట్టుకున్న ఇళ్ళు మా పేటలో వున్నాయి. నెల డబ్బు లేదు, కార్డు లేదు. ఆ బాక్సుల్లో కొన్నిటికి పెన్‌డ్రైవు గుచ్చుకునే చోటు వుంటుంది. గుచ్చి రికార్డు నొక్కితే, తీసుకెళ్ళి కంప్యూటర్లో పెడితే ఆడుతుంది! మా ఇంటి పనమ్మాయి వాళ్ళింట్లో అదే వుంది. నెలకి మూడొందలు కట్టే నేను నా అత్తగారి కోసం ఏడుస్తున్నాను, దమ్మిడీ కట్టని ఆ పిల్ల ఇంట్లో పాత పాటలన్నీ పెన్‌డ్రైవులో పెట్టుకుని వింటోంది. డబ్బెక్కువ కట్టినవాళ్ళకి తాళం పెద్దది. ఇలాంటి వ్యాపారం ఇంకెక్కడైనా చూశారా?

ఇక "యూట్యూబ్‌లో అన్నీ వుంటాయిగా, దాచుకోవడమెందుకు?" అనేవాళ్ళకి. మా అల్లుడు అదే అన్నాడు. వెతికాం. ఆ ఛానలువాళ్ళు కల్యాణాన్ని 'ముఖ్యఘట్టాలు' అని కత్తిరించి పెట్టారు. జీలకర్ర బెల్లం వుంది, మంగళసూత్రం వుంది, తలంబ్రాలు వున్నాయి, పట్టువస్త్రాలు తెచ్చిన పెద్దలు ఎక్కువసేపే వున్నారు. జనం లేరు. ఎందుకుంటారు? వాళ్ళ దృష్టిలో ముఖ్యమైనదాన్ని వాళ్ళు దాస్తారు. కొంగు నెత్తిన వేసుకుని కళ్ళు తుడుచుకున్న ముసలావిడ సారపాకలో ఓ ఇంటికి తప్ప ఎవరికి ముఖ్యం? అందుకే ఎవరికి ముఖ్యమో వాళ్ళ చేతిలో వుండాలంటున్నాను.

పెద్ద పెద్ద సంస్థలు దాస్తాయని నమ్మకం పెట్టుకోకండి. బి.బి.సి. అంతటిది 1960ల్లో తీసిన డాక్టర్ హూ ధారావాహికలో ఎన్నో భాగాలు తుడిచేసింది. బొమ్మ పోయింది. కాని పోయిన ప్రతి భాగానికీ మాటలు మాత్రం మిగిలాయి, ఎవరో అభిమానులు ఇంట్లో టీవీ ముందు టేప్‌రికార్డరు పెట్టి పట్టబట్టి. అచ్చం మా మామగారిలాగే! ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే ఆవిడ, ఒకప్పుడు లైబ్రరీలో పనిచేసినావిడ, 1970ల చివర్నుంచి 2012లో చనిపోయేదాకా ఇంట్లో రాత్రింబవళ్ళు టీవీ వార్తలు రికార్డు చేసింది. దాదాపు డెబ్బై వేల టేపులు. పిచ్చి అన్నారు. ఇప్పుడా టేపుల్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ తీసుకుని కంప్యూటర్లలోకి ఎక్కిస్తోంది. ఆవిడ వాడింది తాళం లేని టేపు కాబట్టి సరిపోయింది. మన బాక్సులే గనక ఆవిడ డెబ్బై వేలు పేర్చి పోయి వుంటే, వారసులు పాత ఇనుము బండివాణ్ణి పిలవాల్సొచ్చేది.

"ఆడవాళ్ళకి టీవీ పిచ్చి" అని జోకులు రాసే మహానుభావులు ఈ పాటికి కలం తీసి వుంటారు. రాసుకోండి. 2011 ప్రపంచకప్పులో ధోనీ కొట్టిన ఆఖరి సిక్సరు మావారు ఎన్నిసార్లు చూశారో నేనూ రాయగలను.

మొన్న కంపెనీనుంచి ఫోన్ వచ్చింది. కొత్త బాక్సు మీద ఏదో పథకం వుందిట. "కొత్తదాంట్లో రికార్డు చేసింది కంప్యూటర్లోకి వస్తుందా?" అన్నాను. "లేదు మేడమ్. కాని పాత బాక్సు తిరిగిచ్చేస్తే అయిదొందలు తగ్గిస్తాం. ఎలాగూ అది పనిచెయ్యదు కదా?"

పాత బాక్సు నా బీరువాలో వుంది. మా అత్తగారి గద్వాల చీర పక్కన, మళ్ళీ రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి పెట్టాను.

"ఇవ్వనమ్మా" అన్నాను.